నల్ల టేపు వేసిన డిస్కులు

వైరస్ అంటే మీకు ఫోన్‌లో మెరిసి మాయమయ్యే ఒక హెచ్చరిక. వేలితో పక్కకి తోసేసి మీ పని మీరు చూసుకుంటారు. తప్పేం లేదు. మీరలా చూసుకోవాలనే మా తరం వాళ్ళం అన్ని తిప్పలు పడ్డాం. కానీ నేను సర్వీసు ఇంజనీరుగా తిరిగిన కాలంలో కంప్యూటర్ అంటే చల్లటి గదిలో పెట్టి, చెప్పులు బయట విడిచి, దండం పెట్టుకుని ఆన్ చేసే వస్తువు. దానికి జబ్బు చేస్తే చేతబడి జరిగినట్టే చూసేవాళ్ళు. చేతబడి అన్నాక చేసినవాళ్ళు ఉండాలి, వాళ్ళు మనకి తెలిసినవాళ్ళే అయ్యుండాలి. ఆ లెక్క ప్రకారం ఒక ఆడపిల్ల పోలీసు కేసులో ఇరుక్కోబోయింది. ఆమె నేరం చేసిందని రాసిన కాగితం మీద సంతకం పెట్టాల్సినవాణ్ణి నేను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. నేను కంచికచర్లలో కాపురం ఉంటూ, విజయవాడలోని ఒక చిన్న కంపెనీ తరఫున హైవే పొడుగునా కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. నందిగామలో కాలేజీలు, మిల్లులు, జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. స్క్రూడ్రైవర్ల సంచీ ఒకటి, యాంటీవైరస్ ఫ్లాపీల డబ్బా ఒకటి చంకన పెట్టుకుని బస్సెక్కడమే నా ఉద్యోగం. ఫ్లాపీ చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను: అరచేతిలో ఇమిడే చదరపు ప్లాస్టిక్ బిళ్ళ అది. ఇవాళ మీరు తీసుకునే ఒక్క ఫోటో కూడా దాన్లో పట్టదు. అప్పట్లో మాత్రం ఫ్యాక్టరీలు దానిమీదే నడిచాయి.

జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. కాటా కంప్యూటర్ పనిచెయ్యడం మానేసిందట. కాటా అంటే లారీని బరువు తూచే వేదిక. ఖాళీ లారీని ఒకసారి, లోడుతో ఒకసారి తూచి స్లిప్పు ఇస్తే తప్ప గేటు దాటడానికి వీల్లేదు. అంతకు కొన్నేళ్ళ ముందే పాత కాటా పీకేసి ఎలక్ట్రానిక్‌ది పెట్టారు. బరువు అంకె నేరుగా కంప్యూటర్ తెర మీదే కనిపిస్తుంది, ఇంకెక్కడా కనిపించదు. అంటే కంప్యూటర్ ఆగిపోతే ఫ్యాక్టరీలోకి లారీ వెళ్ళదు, లోపలున్నది బయటికి రాదు. నేను వెళ్ళేసరికి లారీల వరస గేటు దగ్గర మొదలై రోడ్డు మలుపు దాటిపోయింది.

గేటు ఎదురుగా టీకొట్టు దగ్గర డ్రైవర్లు గుంపుగా ఉన్నారు. నా సంచీ చూసి నేనెవరో పోల్చుకున్నారు.

"ఏంటి సార్, ఏదో వైరస్ అంట. మనిషే చేసి వదుల్తాడంటగా?"

"అవునండి, మనుషులే చేస్తారు."

"ఆ చేసినోణ్ణి మాకు అప్పజెప్పండి సార్. టైర్ల కింద పడేసి తొక్కిస్తాం. నిన్న మధ్యాన్నం నుంచి ఎండలో ఉన్నాం."

వాళ్ళలో నెరిసిన గడ్డం పెద్దాయన ఒకడు మాత్రం నాతోపాటు గేటు దాకా నడిచొచ్చాడు. నందిగామ మనిషి. డ్రైవర్లంతా ఆయన్ని సాయిబు గారూ అని పిలుస్తున్నారు.

"బాబూ, ఆ ప్రోగ్రాం మా అమ్మాయి రాసిందేనండి. ఇక్కడ పని మానేసి చాన్నాళ్ళయింది. ఇప్పుడు నందిగామలో కాలేజీలో చెప్తంది. తన రాతలో ఏం తేడా లేదు కదండి?"

"ప్రోగ్రాంలో తేడా ఉండదు లెండి, బయటి నుంచి వచ్చుంటది" అన్నాను.

"అదేనండి, నేనూ వీళ్ళకదే చెప్తన్నా" అని నవ్వి వెనక్కి వెళ్ళాడు. కూతురి ప్రోగ్రాం తూచిన బరువుతో తన లారీ గేటు దాటుతుందని ఆయనకి గర్వం. ఆ నవ్వు నాకు ఆ రోజంతా గుచ్చుకుంటూనే ఉంది.

లోపల కాటా రూమ్‌లో డిస్పాచ్ సూపరింటెండెంటు గారు నాకోసం చూస్తున్నారు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. తెల్ల చొక్కా, నుదుట విభూతి, చేతికి దొరికిన ప్రతి వస్తువునీ తుడిచి గానీ కింద పెట్టని అలవాటు. అంతకుముందు ఎప్పుడో ఒక స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తూ కంప్యూటర్ ట్రైనింగ్ అయినవాడు కాబట్టి, ఫ్యాక్టరీలో కంప్యూటర్ ధర్మకర్త ఆయనే. దుమ్ము పడకుండా గుడ్డ కప్పడం దగ్గర్నుంచి, డిస్కులు బీరువాలో పెట్టి తాళం వేయడం దాకా అన్నీ స్వయంగా చేసేవాడు. నేను ఎప్పుడెళ్ళినా ముందు మజ్జిగ ఇప్పించి తర్వాతే పని చెప్పేవాడు. నాకు ఆయనంటే ఇష్టం, ఆ మాట ముందే చెప్పుకోవాలి.

నా దగ్గరున్న శుభ్రమైన డిస్కుతో మెషిన్ ఆన్ చేసి చూశాను. వైరస్ దొరికింది. ఒక తేదీ వచ్చేదాకా కిక్కురుమనకుండా కూర్చుని, ఆ తేదీ దాటాక ఆన్ చేసిన ప్రతిసారీ మెషిన్‌లో ఉన్నదంతా చెరిపి చెత్త నింపే రకం. అలాంటిదాన్ని అంతకుముందు నందిగామలో ఒక మిల్లులో చూశాను. అసలు ప్రోగ్రాం డిస్కులుంటే మళ్ళీ ఎక్కించుకోవచ్చు, సాయంత్రానికి లారీలు కదులుతాయి. ఆ మాటే అన్నాను.

"ఎక్కించామండి. నిన్న రెండుసార్లు ఎక్కించా. ఎక్కించగానే మళ్ళీ పోయింది" అన్నారు సూపరింటెండెంటు గారు. "జబ్బు ఆ డిస్కుల్లోనే ఉంది. ఆ అమ్మాయి ఇచ్చిన డిస్కుల్లో."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు.

"మీకు తెలుసుగా, తను మానేసేటప్పుడు ఏమందో. ఒక స్లిప్పులో తప్పొస్తే నేను నాలుగు మాటలన్నా. డ్రైవర్లందరి ముందు అన్నానని రోషం. 'నేను లేకుండా ఇది ఎన్నాళ్ళు నడుస్తదో చూస్తానండి' అని వెళ్ళిపోయింది. ఈ గదిలో అందరూ విన్నారు."

"కోపంలో అనుంటదండి."

"అనుంటది. కానీ డిస్కుల సంగతి? తను ఇచ్చిన రోజే నా చేత్తో లాక్ చేసి బీరువాలో పెట్టా. లాక్ చేసిన డిస్కులో వైరస్ ఎక్కదు. అవునా కాదా, మీరే చెప్పండి."

అవును. డిస్కుని లాక్ చేస్తే మెషిన్ దాన్ని చదవగలదు గానీ దానిమీద కొత్తగా ఏదీ రాయలేదు. వైరస్ ఎక్కడమంటే రాయడమే. లాక్ పడ్డాక ఎక్కే వీల్లేదంటే, లాక్ పడకముందే లోపల ఉండాలి. లాక్ పడకముందు ఆ డిస్కులు ఆమె చేతుల్లో తప్ప ఇంకెవరి చేతుల్లోనూ లేవు. ఎంత తిప్పి చూసినా ఆ లెక్కలో నాకు ఖాళీ దొరకలేదు.

డిస్కులు చూపించమన్నాను. అవి అప్పటికే కవరులో పెట్టి లక్క సీలు వేశారట. కంప్యూటర్ నేరాలకి కొత్తగా చట్టం వచ్చిందని మేనేజర్ పేపర్లో చదివి, ముందురోజే పోలీసులకి చెప్పి ఉంచాడు. మర్నాడు పొద్దున ఎస్సై గారు వచ్చి తన ఎదుట సీలు విప్పిస్తారు, నేను పరీక్ష చేసి, 'వైరస్ అసలు డిస్కుల నుంచే వచ్చింది' అని సంతకం పెట్టాలి. కాగితం టైపు కూడా అయిపోయింది. మేనేజర్ దాన్ని నా చేతికిచ్చి, "ఇలాంటోళ్ళకి ఒక్కసారి గట్టిగా పడితే ఇంకెవరూ ఆ పని చెయ్యరు" అన్నాడు. అండలేని ఆడపిల్ల, డ్రైవర్ కూతురు, పైగా ఎదురు మాట్లాడిన మనిషి. నమ్మడం అందరికీ ఎంత తేలికైందో చూసి నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ లాక్ లెక్క మాత్రం అలాగే ఉంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళే బస్సు ఎక్కి, నందిగామలో దిగిపోయాను.

వాళ్ళ ఇల్లు బస్టాండు వెనక సందులో. ఆ అమ్మాయి వరండాలో కూర్చుని కాలేజీ పేపర్లు దిద్దుతోంది. ఫ్యాక్టరీలో కాటా ప్రోగ్రాం పెట్టినప్పుడు ఆమెతో పనిచేశాను కాబట్టి గుర్తుపట్టింది. వాళ్ళమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాక, ఉన్నదున్నట్టు చెప్పేశాను. చేతిలో ఎర్ర పెన్ను అలాగే పట్టుకుని చివరిదాకా వింది.

"నేను చేసుంటే, మా నాన్న బండి ఆగేటట్టు చేస్తానా అండి?"

"ఆ మాట నాకు చాలమ్మా. పోలీసులకి చాలదు."

"మీరు నమ్ముతున్నారా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "నమ్మాలని ఉంది. కానీ డిస్కులు లాక్ చేసి ఉన్నాయంటున్నారు. అక్కడే ఆగిపోయా."

ఆమె లేచి లోపలికి వెళ్ళి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చింది. అందులో గుడ్డలో చుట్టిన డిస్కులు. ఫ్యాక్టరీకి ఇచ్చిన రోజునే వాటితోపాటు తీసుకున్న రెండో కాపీ. ఒక్కొక్కటీ లైటుకెత్తి పట్టి చూపించింది. ఆ చిన్న ఫ్లాపీకి ఒక మూల చదరపు కన్నం ఉంటుంది, దానికి జరిపే బుడిపె ఉంటుంది. కన్నం తెరిచి ఉంటే లాక్ పడ్డట్టు. మూసి ఉంటే రాసుకోవడానికి వదిలినట్టు. మామూలు తలుపు పద్ధతికి పూర్తిగా ఎదురు. కన్నాలన్నీ తెరిచే ఉన్నాయి, లైటు కనిపిస్తోంది.

"ఇవి ఎక్కిస్తే లారీలు కదుల్తాయండి. ఇవి శుభ్రంగా ఉంటే, అవి కూడా ఇచ్చినప్పుడు శుభ్రంగా ఉన్నట్టేగా. కానీ ఇవి నా దగ్గరున్నట్టు ఎవరికీ తెలీదు. మానేసేటప్పుడు అన్నీ అప్పజెప్పానని రాసిచ్చా. ఇప్పుడు బయటికి తీస్తే కంపెనీ ప్రోగ్రాం దొంగిలించానని ఇంకో కేసు పెడతారు."

నిజమే. ఆ డబ్బా తెరిస్తే వైరస్ కేసు తప్పినా దొంగతనం కేసు. తెరవకపోతే తప్పించుకునే దారే లేదు. పోలీసు జీపు ఒక్కసారి ఆ సందులోకి వస్తే కాలేజీ ఉద్యోగం ఆ సాయంత్రానికే పోతుంది. నేను తీసుకెళ్తానని గానీ వద్దని గానీ చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. వాళ్ళమ్మ తెచ్చిన టీ తాగి లేచాను.

"రేపు మీరు పేట బస్సు ఎన్నింటికి ఎక్కుతారండి?" అని అడిగింది గుమ్మం దగ్గర. "నేనూ వస్తా. వాళ్ళు మా ఇంటికి రావడం కన్నా నేను వెళ్ళడమే నయం."

మర్నాడు నేను, రాత్రే విజయవాడ ఆఫీసుకెళ్ళి తెచ్చిన శుభ్రమైన మెషిన్ ఒకటి ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఉన్నాను. నందిగామలో ఆ అమ్మాయి ఎక్కింది. చేతిలో టిఫిన్ సంచీ, అందులో బిస్కెట్ల డబ్బా. ఫ్యాక్టరీ దగ్గరపడే కొద్దీ కిటికీ పక్కన లారీల వరస మొదలైంది, ఎంతకీ అయిపోలేదు. ఆమె ఆ లారీలనే చూస్తూ కూర్చుంది.

గేటు దగ్గర దిగగానే వాళ్ళ నాన్న చూశాడు. ముఖం విప్పారింది.

"మా అమ్మాయొచ్చింది. ఇంకేం లేదు, ఇప్పుడే కాటా మొదలవుద్ది చూడండి" అని మిగతా డ్రైవర్లతో అన్నాడు. వాళ్ళు దారి ఇచ్చారు. ఒకాయన "తొందరగా కానీ తల్లీ, పుణ్యముంటది" అన్నాడు.

ఆమె "సరే నాన్నా, చూస్తా" అని మాత్రం అంది. తనని నేరస్తురాలిగా నిలబెట్టే గదిలోకి వెళ్తోందని ఆయనకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

కాటా రూమ్ చిన్నది. ఒక పక్క మేనేజర్, ఎస్సై గారు, ఆయన వెంట వచ్చిన కానిస్టేబుల్. ఇంకో పక్క సూపరింటెండెంటు గారు, కాటా ఆపరేటర్. కిటికీ అద్దాలకి అవతల డ్రైవర్ల ముఖాలు. ఆమె లోపలికి రాగానే మేనేజర్, "పిలవకముందే వచ్చిందే" అన్నాడు. సూపరింటెండెంటు గారు ముఖం పక్కకి తిప్పుకున్నారు.

ఎస్సై గారు నిదానమైన మనిషి. "వైరస్ కేసు నాకిదే మొదలండి. నాకు అర్థమయ్యేట్టు చెప్పండి, అర్థం కాకుండా నేనేం రాయను" అన్నాడు. నాకు కాస్త ఊపిరి ఆడింది.

ముందు ఆమె తెచ్చిన డిస్కులు నా మెషిన్‌లో పరీక్ష చేశాను. ఒక్కదాంట్లోనూ వైరస్ లేదు. ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది. గండం గడిచిందనుకున్నాను. మేనేజర్ నవ్వాడు.

"ఇంకేం కావాలండి? మంచివి ఇంట్లో దాచుకుని, జబ్బువి మనకిచ్చింది. పైగా ఇవి ఇంట్లో ఎందుకున్నాయి? ఇది దొంగతనం కాదా?"

ఎస్సై గారు మొదటిసారి ఆమె వైపు పోలీసు చూపు చూశాడు. "ఏమ్మా?"

బయట ఎవరో హారన్ కొట్టారు, దాని వెనక వరసంతా కొట్టింది. ఆ హారన్ల మోతలోనే సూపరింటెండెంటు గారు సీలు విప్పి, కవరులోంచి డిస్కులు తీసి బల్ల మీద ఒక్కొక్కటే పేర్చారు.

ప్రతి డిస్కు మూలా, ఆ చదరపు కన్నం మీద, నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి ఉంది. అంచులు కత్తెరతో సమంగా కత్తిరించి, గాలి బుడగ లేకుండా నొక్కి, ఎంతో శ్రద్ధగా వేసిన టేపు.

అప్పుడు గుర్తొచ్చింది, ఆయన ట్రైనింగ్ అయిన కాలంలో ఫ్లాపీలు వేరు. అవి పెద్దవి, మెత్తగా ఉండేవి. వాటి అంచున ఒక గాటు ఉండేది, ఆ గాటు మీద టేపు వేస్తేనే లాక్ పడేది. చిన్న ఫ్లాపీలు వచ్చాక పద్ధతి తిరగబడింది. కన్నం తెరిస్తే లాక్, మూస్తే లాక్ పోయినట్టు. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. తెలుసనుకుని ఆయనా ఎవర్నీ అడగలేదు. ఆ అమ్మాయి కన్నాలు తెరిచి లాక్ చేసి ఇచ్చిన డిస్కులకి, ఆయన భక్తిగా టేపు వేసి లాక్ తీశాడు. వాటిని జబ్బు మెషిన్‌లో పెట్టగానే వైరస్ వాటి మీదికీ ఎక్కింది.

చెప్పాలి. అందరి ముందూ చెప్పాలి. ఎన్నోసార్లు మజ్జిగ ఇప్పించిన మనిషి, రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. పక్కకి తీసుకెళ్ళి చెబుదామా అనుకున్నాను. కానీ కిటికీ అవతల ఆ పిల్ల తండ్రి నవ్వు ముఖంతో లోపలికి చూస్తున్నాడు.

"ఈ టేపు ఎవరు వేశారండి?" అని అడిగాను.

"నేనే. అదేగా లాక్" అన్నారు సూపరింటెండెంటు గారు.

నా డబ్బాలోంచి ఒక ఖాళీ డిస్కు తీసి, దాని కన్నం తెరిచి ఆయన చేతికిచ్చాను. "మీరు చేసినట్టే దీనికీ టేపు వెయ్యండి. వేసి మీరే మెషిన్‌లో పెట్టి, మీ ఊరి పేరు రాసి చూడండి." ఆయన సొరుగులోంచి టేపు, కత్తెర తీసి, అంత గొడవలోనూ అంచులు సమంగా కత్తిరించి అంటించాడు. డిస్కు పెట్టి ఊరి పేరు టైపు చేసి మీట నొక్కాడు. మెషిన్ కాసేపు గురగురమని ఆగింది. మళ్ళీ తెరిచి చూస్తే ఊరి పేరు డిస్కులో ఉంది.

"లాక్ వేసిన డిస్కులో ఎలా రాసిందండి?" అన్నాడు ఎస్సై గారు.

"ఇప్పుడు టేపు పీకి మళ్ళీ రాయమనండి."

సూపరింటెండెంటు గారు గోటితో టేపు పీకాడు. డిస్కు పెట్టి మళ్ళీ టైపు చేశాడు. ఈసారి తెర మీద, డిస్కు లాక్ అయి ఉంది, రాయడం కుదరదు అని వచ్చింది. ఆయన ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాడు. ఇంగ్లీషులో ఉన్న ఆ నాలుగు ముక్కలు చదవడానికి అంతసేపు పట్టదు.

టేపు వేసిన డిస్కులు పరీక్ష చేస్తే వాటిలో వైరస్ ఉంది. తర్వాతి పని తొందరగానే తేలింది. ఆ డిస్కులకి వైరస్ ఎక్కించినదేదో అదే గదిలో ఉండాలి. ఈమధ్య ఇంకేం డిస్కులు ఈ మెషిన్‌లో పెట్టారని అడిగితే ఆపరేటర్ నేల చూపులు చూశాడు. చివరికి సొరుగు అడుగునుంచి ఒకటి తీశాడు. విజయవాడలో కొన్న జాతకాల డిస్కు. ఆ అమ్మాయి మానేసిన తర్వాత కొన్నది. పుట్టిన వేళ కొడితే చక్రం వేసి, దశలన్నీ ముద్రించి ఇస్తుంది. లారీలు లేని వేళల్లో ఫ్యాక్టరీలో సగం మంది ఆ కాటా కంప్యూటర్ మీద జాతకాలు తీయించుకున్నారు. మేనేజర్‌ది కూడా తీశారు, ఇంట్లోవాళ్ళందరివీ కలిపి. డిస్కు పరీక్ష చేశాను. అదే వైరస్.

"నేనూ నాది తీయించుకుందామనుకున్నా, ఇక్కడ బాగా చెప్తదని ఎవరో అంటే" అన్నాడు ఎస్సై గారు. ఎవరూ నవ్వలేదు. మేనేజర్ అసలు నవ్వలేదు.

"అయితే మరి ఆ వైరస్ చేసినవాడి సంగతి? వాడికి శిక్ష వద్దా?" అన్నాడు మేనేజర్, ఎవరో ఒకరు దొరక్కపోతే ఊరుకోలేనట్టు.

"వెయ్యాలండి. వాడు ఏ దేశంలో కూర్చుని చేశాడో చెప్పండి. నా హద్దు చెక్‌పోస్టు దగ్గరే అయిపోద్ది" అని ఎస్సై గారు లేచి టోపీ పెట్టుకున్నాడు.

మేనేజర్ ఇంకా వదల్లేదు. బల్ల మీదున్న బిస్కెట్ల డబ్బా చూపించాడు. "ఈ కాపీల సంగతి తేలాలి. అన్నీ అప్పజెప్పానని రాసిచ్చి, ఇంట్లో ఎలా ఉంచుకుంది?"

ఆమె డబ్బా మీద చెయ్యి పెట్టింది. అప్పటిదాకా తెర ముందు నుంచి కదలని సూపరింటెండెంటు గారు తల తిప్పకుండానే అన్నారు.

"నేనే ఉంచుకోమన్నానండి. ఇక్కడివి పాడైతే పనికొస్తాయని."

అది అబద్ధం. ఆ కాపీల సంగతి ఎవరికీ తెలీదని ఆమె ముందురోజే నాతో చెప్పింది. ఆమె ఆయన వైపు చూసింది. ఎస్సై గారు ఇద్దరినీ ఒకసారి చూసి, "ఆయనే ఉంచుకోమన్నాడంటే ఇంక కేసేముందండి" అని బయటికి నడిచాడు. టైపు చేసిన కాగితం నా జేబులోనే ఉంది. మడిచి చింపి బుట్టలో వేశాను. నా ఉద్యోగంలో నేను చేసిన రిపేర్లన్నిట్లోకీ ఆ చింపడమే నాకు ఎక్కువ తృప్తినిచ్చింది.

వైరస్ చేసేవాళ్ళని శిక్షించాలనే నేనూ అంటాను. ఎవడో ఎక్కడో సరదాకి రాసిన నాలుగు ముక్కలకి ఇక్కడ వందమంది ఎండలో మాడారు. వాడు దొరికితే నేనే వెళ్ళి సాక్ష్యం చెప్పి వచ్చేవాణ్ణి. కానీ మీలో ఈ పనిలో ఉన్నవాళ్ళు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. దొరకనివాడి మీద కోపం ఊరికే పోదు. అది దగ్గర్లో ఉన్నవాళ్ళని, నోరు లేనివాళ్ళని వెతుక్కుంటుంది. ఆ కోపం మీ చేతికి కాగితమిచ్చి సంతకం పెట్టమంటే, ముందు డిస్కు తీసి చూడండి.

ఆమె తన డిస్కులతో ప్రోగ్రాం ఎక్కించింది. నేను మెషిన్ శుభ్రం చేసి పక్కన నిలబడ్డాను. మధ్యాహ్నం భోజనాల వేళకి ప్రింటర్ చప్పుడు మొదలైంది. బయట లారీలు ఒక్కసారిగా స్టార్ట్ చేసిన మోతకి కిటికీ అద్దాలు అదిరాయి. సూపరింటెండెంటు గారు ఎప్పుడూ స్లిప్పులు తన చేత్తో ఇవ్వడు, అది ఆపరేటర్ పని. ఆ రోజు ఆపరేటర్‌ని లేపి ఆ కుర్చీలో ఆయనే కూర్చున్నాడు.

కొన్ని లారీల తర్వాత సాయిబు గారి వంతు వచ్చింది. ఖాళీ లారీ తూచాక దిగి కిటికీ దగ్గరికి వచ్చాడు. లోపల నిలబడిన కూతుర్ని చూసి తల పంకించి, సూపరింటెండెంటు గారిని అడిగాడు.

"ఇంతకీ దొరికాడాండి, ఆ వైరస్ చేసినోడు?"

సూపరింటెండెంటు గారు ప్రింటర్లోంచి స్లిప్పు చింపి చేత్తో పట్టుకున్నాడు.

"వాడు దొరకడు సాయిబు గారూ. వాడికి తలుపు తీసినోడు మాత్రం దొరికాడు."

"ఎవడండి?"

"నేనే. తీసింది నేను. మీ అమ్మాయి తీసిందని పోలీసుల్ని పిలిపించింది కూడా మేమే. ఇవాళ తను వచ్చింది కాటా బాగుచెయ్యడానిక్కాదు. మేం పెట్టే కేసుకి వచ్చింది."

పెద్దాయన ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. లోపల నిలబడిన కూతురి వైపు చూశాడు. పొద్దున తను డ్రైవర్లతో అన్న మాటలన్నీ ఆయనకి గుర్తొచ్చుంటాయి. స్లిప్పు కోసం చెయ్యి చాపలేదు. వెనక లారీ హారన్ కొట్టింది, ఆయన వెనక్కి చూడలేదు.

"ఆ మాట నాకెందుకు చెప్తారండి" అన్నాడు. "తనకి చెప్పండి. డ్రైవర్లందరి ముందూ తిట్టారంటగా అప్పుడు. ఇప్పుడూ అందరూ ఉన్నారు."

సూపరింటెండెంటు గారు కుర్చీలోంచి లేచాడు. కిటికీ తలుపు పూర్తిగా తెరిచి, బయటివాళ్ళకి వినపడేలా, ఆమె వైపు తిరిగి చెప్పాడు.

"తప్పు నాదమ్మా. నువ్వు లాక్ చేసే ఇచ్చావు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆయన చేతిలోంచి స్లిప్పు తీసుకుని, బరువు అంకె ఒకసారి సరిచూసి, కిటికీలోంచి వాళ్ళ నాన్నకి ఇచ్చింది.

"పోనీ నాన్నా, బండి తియ్యి. వెనక అందరూ ఆగున్నారు."